ఏనాటి కొల్లేరు కావాలి మనకి?

ఏదైనా వ్యవహారం తెమలకుండా ఏళ్ళకేళ్ళు సాగితే 'కొల్లేటి చాంతాడు' అంటాం. చుట్టూ నీళ్ళే ఉన్న చోట అంత పొడుగు బావితాడుతో ఏం పనిబడిందో ఆ మాట పుట్టించినవాళ్ళకే తెలియాలి. కొల్లేరు సరిహద్దు తగువుకి మాత్రం అది కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. అప్పట్నించీ ఎన్నికలొచ్చినా, వరదొచ్చినా, కోర్టులో వాయిదా పడినా అదే ప్రశ్న: దాని హద్దు ఐదో కాంటూరా, మూడో కాంటూరా?

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో ఈ మాట చెవిన పడకుండా దిగడం కష్టం. కాంటూరు అనేది సర్వేవాళ్ళ మాట, సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లని కలిపే గీత. ఐదో కాంటూరంటే ఐదడుగుల ఎత్తు గీత. దాన్ని చెరువు గట్టు మీదా, టీ కొట్టు దగ్గరా ఇంత మామూలుగా వాడే ప్రాంతం ఇంకోటి ఉంటుందనుకోను. "మాది ఐదులో పడిందండి" అంటారు, డాక్టరు చెప్పిన రోగం పేరు చెప్పినట్టు.

ఈ ప్రశ్నే వంకరగా ఉందని నాకు చాలాకాలంగా అనుమానం. ఆ అనుమానం మొదలైంది పుస్తకాల్లో కాదు, మా అమ్మమ్మ మాటల్లో.

ఆవిడది కొల్లేటి ఒడ్డు ఊరు. ఆవిడ నోట కొల్లేరు ఎప్పుడూ ఒక చోటులా వినపడేది కాదు. "కొల్లేరు ఎక్కింది", "కొల్లేరు తీసింది", "ఆ ఏడు కొల్లేరు రానేలేదు" అనేది. అచ్చంగా చుట్టం సంగతి. వస్తే కొన్నాళ్ళుంటుంది, కొన్ని తెస్తుంది, కొన్ని పట్టుకుపోతుంది. రాకపోతే బెంగ, వచ్చి కదలకపోతే విసుగు. శ్రావణ భాద్రపదాల్లో దొడ్లోకి వచ్చిన నీళ్ళు సంక్రాంతికి కనుచూపు మేర అవతలికి జరిగిపోయేవి. "కొల్లేరు ఎక్కడుందమ్మమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే "ఎప్పుడు?" అని ఎదురడిగింది. అది పరాకు జవాబనుకున్నాను. ఆ మాటకి అర్థం పట్టడానికి నాకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

ముందు లెక్క చూద్దాం. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున గీత గీస్తే లోపల పడే కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు. ఐదడుగులకి గీస్తే 308. ఏడడుగులకి 675. పదడుగులకి 901. ఈ నాలుగు అంకెలూ ఒకసారి నిదానంగా చదవండి. మూడుకీ ఐదుకీ తేడా రెండడుగులు, అంటే మోకాటి లోతు కన్నా కాస్త ఎక్కువ. ఆ కాస్త నీటికే సరస్సు రెట్టింపు దాటిపోతోంది. ఇంకో ఐదడుగులు పెరిగితే మళ్ళీ మూడింతలు. పళ్ళెంలో పోసిన నీళ్ళలాంటి సరస్సు ఇది. పళ్ళేన్ని కొంచెం కదిపితే నీటి అంచు ఎక్కడికో పోతుంది. ఇలాంటి దాని చుట్టూ గీసిన గీత నీటిది కాదు, గీసినవాడిది.

మన ప్రభుత్వాలే దీనికి సాక్ష్యం. 1999లో వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యం అన్నప్పుడు 308 చదరపు కిలోమీటర్లు అన్నారు, అంటే ఐదో కాంటూరు. 2002 ఆగస్టులో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా నమోదు చేయించినప్పుడు 901 అన్నారు, అంటే పదో కాంటూరు. ఈ రెంటికీ నడుమ, 2001 ఫిబ్రవరిలో తీసిన ఉపగ్రహ చిత్రాన్ని పరిశోధకులు పరిశీలిస్తే లోపల వెయ్యికి పైగా చేపల చెరువులు, సుమారు వంద చదరపు కిలోమీటర్ల మేర కనపడ్డాయి. తేటగా కనపడే సరస్సు నీరు దాదాపు లేదు. మిగతాదంతా గుర్రపుడెక్క, కిక్కిస, వరి. మూడేళ్ళ వ్యవధిలో మూడు కొల్లేళ్ళు! ఒకటి గెజెట్లో, ఒకటి ఒప్పందంలో, ఒకటి ఆకాశం నుంచి చూస్తే.

(అన్నట్టు, 'అభయారణ్యం' అన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. అరణ్యం లేని చోట అటవీశాఖ కాపలా. నీటికి కాపలా ఉండే శాఖ వేరు, చేపకి వేరు, పొలానికి వేరు, మురుగు కాలవకి ఇంకా వేరు. ఒక గూడబాతు పొద్దున్న లేచి మేతకి వెళ్ళి తిరిగొచ్చేసరికి నాలుగైదు శాఖల పరిధులు దాటేసి ఉంటుంది.)

సరే, ఇంకా వెనక్కి వెళ్దాం. కొల్లేరు ఇవాళ సముద్రానికి సుమారు 35 కిలోమీటర్ల లోపల ఉంది. కొన్నివేల ఏళ్ళ కిందట అది సముద్రపు ఒడ్డునే ఉండేది. కృష్ణ ఒకవైపు, గోదావరి ఒకవైపు ఒండ్రు తెచ్చి పోసుకుంటూ డెల్టాలని సముద్రంలోకి నెట్టుకుపోయాయి. రెండు భుజాలూ ముందుకు పెరిగితే నడుమ మిగిలిన గుంట ఇది. పాత సముద్రపు ఒడ్డు ఆనవాళ్ళుగా ఇసుక మెరకలు ఈ ప్రాంతంలో వరసలు వరసలుగా ఇంకా ఉన్నాయి. అంటే కొల్లేరు నదులు తవ్వింది కాదు, నదులు పూడ్చకుండా వదిలేసింది. పూడిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఏటేటా తలో బుట్టెడు మట్టి తెచ్చి పోస్తూనే ఉన్నాయి. మనుషులు అసలు లేకపోయినా ఇది ఏదో ఒకనాటికి మెరకయ్యేదే. ఈ సంగతి చెరువుల యజమానులు నాకన్నా బాగా చెప్తారు, ఎందుకు చెప్తారో కూడా మనకి తెలుసు. ఆ వాదం దగ్గరికి మళ్ళీ వస్తాను.

మనుషులు ఎప్పుడొచ్చారంటే, రాతల్లో దొరికేంత వెనక్కి వెళ్ళినా అప్పటికే ఉన్నారు. సా.శ. 634 నాటి ఐహొళె శాసనంలో రవికీర్తి తన రాజు రెండో పులకేశి విజయాలు పొగుడుతూ, చచ్చినవాళ్ళ నెత్తురుతో కునాలం నీళ్ళు ఎర్రబడ్డాయంటాడు. ఆ కునాలం కొల్లేరేనని చాలామంది చరిత్రకారుల మాట. వేంగి రాజధాని పెదవేగి ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఒక సామ్రాజ్యం వచ్చి కొట్టుకునేంత విలువ ఈ నీటి ఒడ్డుకి పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఉందన్నమాట.

తర్వాత గజపతుల కాలం. సరస్సు నడుమ లంక మీద కొల్లేటికోట. ఇప్పుడు అక్కడ పెద్దింట్లమ్మ గుడి ఉంది, ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. ఆ కోట చుట్టూ ఒక కథ చెప్పుకుంటారు. శత్రుసేన ఒడ్డున దిగింది. చుట్టూ నీళ్ళుండగా కోట లొంగదు. నీళ్ళు సముద్రంలోకి తీసేస్తే నడిచి వెళ్ళొచ్చని ఉప్పుటేరు తవ్వించారట. ఆ పనిలో ఒక సేనాని తన కూతుర్ని బలిచ్చాడట. ఆ కాలవకి పేరంటాల కనుమ అని పేరు వచ్చింది అందుకేనట. చరిత్రగా దీని మీద నేను పందెం కాయను. కానీ కథ ఏమంటోందో వినండి. కొల్లేటి నుంచి సముద్రానికి ఉన్న ఒకే ఒక్క దారి, మనం పూర్తిగా ప్రకృతి సిద్ధమనుకునే ఏరు, మనుషులు తవ్విందంటోంది. అదీ ఒక ఆడపిల్ల ప్రాణం పణంగా. సరస్సు నీటిమట్టాన్ని తగ్గించడమంటే మామూలు పని కాదని ఈ ఊళ్ళవాళ్ళకి ఎప్పట్నించో ఎరుక.

ఆ ఉప్పుటేరు సంగతే ఇంకొంచెం చూడాలి. కొల్లేటిలోకి నీళ్ళు తెచ్చే ఏళ్ళూ కాలవలూ డ్రెయిన్లూ కలిపి 68 అంటారు. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 62 కిలోమీటర్లు. నీటిమట్టం ఐదో కాంటూరు దగ్గర ఉన్నప్పుడు సముద్రానికీ సరస్సుకీ ఉన్న వాలు ఐదడుగులు, అంటే అరవై అంగుళాలు. కిలోమీటరుకి ఒక్క అంగుళం! బల్ల మీద ఒలికిన నీళ్ళు కూడా ఇంతకన్నా ఉషారుగా పాకుతాయి. పైగా పోటు వేళ సముద్రం ఎదురు తంతుంది, ఉప్పునీళ్ళు పైకొస్తాయి. ఇంత సున్నితమైన దారిలో ఎవరైనా ఒక గట్టు వేసినా, ఒక మేట పడినా, వంతెన స్తంభాలకి గుర్రపుడెక్క చుట్టుకున్నా, పైన ఊళ్ళు మునుగుతాయి. మామూలుగా కొల్లేరు వైశాల్యం గురించి కొట్టుకుంటాం గానీ దాని ప్రాణం ఈ అంగుళంలో ఉంది.

నాకు తెలిసినంతలో కొల్లేటి రూపు అన్నింటికన్నా ఎక్కువ మారింది చేపల చెరువులతో కాదు, ఆనకట్టలతో. ఈ మాటకి చాలామంది ఒప్పుకోరు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి. రెండు డెల్టాల్లో కాలవలు పారాయి, వరి పండింది, కరువులు తగ్గాయి. ఆ రెండు నదులకీ నడుమ గుంటలో ఉన్న కొల్లేటికి ఏమైందన్నది మనం పాడుకునే కాటన్ కథలో రాదు. పొలానికి పెట్టిన నీళ్ళు ఎక్కడికో ఒకచోటికి దిగాలి కదా. అవి ఇక్కడికి దిగాయి. అంతకుముందు వానకి నిండి వేసవికి చాలామటుకు ఎండే సరస్సు, పంట కాలవల మురుగు నీటితో ఏడాది పొడుగునా తడిగా ఉండటం మొదలెట్టింది. అమ్మమ్మ చెప్పిన చుట్టం ఇల్లరికం వచ్చేశాడన్నమాట.

ఏడాదంతా నీళ్ళుంటే మంచిదే కదా అనిపిస్తుంది. చిత్తడి నేలకి ఎండటం కూడా ఊపిరే. ఎండితే అడుగు నెర్రెలు విచ్చుకుంటుంది, కుళ్ళినదంతా గాలి తగిలి మట్టవుతుంది, తేలే కలుపు చస్తుంది, గింజలు మొలుస్తాయి. మళ్ళీ నీరొచ్చేసరికి కొర్రమీనుకీ మార్పు చేపకీ గుడ్లు పెట్టుకునే కొత్త మడుగులు సిద్ధంగా ఉంటాయి. అది పోయి, ఎరువు కలిసిన నిలవ నీరు వచ్చిన చోట గుర్రపుడెక్క పండగ చేసుకుంటుంది. ఇవాళ దాన్ని యంత్రాలతో లాగి ఒడ్డున పోసే పని ఏటా చూస్తుంటాం. ఒకప్పుడు ఆ పని ఎండ ఊరికే చేసిపెట్టేది.

అయినా ఆ రోజుల్లో మనుషులు నీటి వెంట నడిచారు. వానాకాలం ముంపులో సార్వా పెట్టలేరు. నీరు తీసినకొద్దీ రెండో పంటగా దాళ్వా వరి ఊడ్చేవాళ్ళు. నీరున్నన్నాళ్ళు వడ్డీలనే జాలరులు తాటిదోనెల మీద మావులనే చేపల బోనులూ వలలూ వేసేవాళ్ళు. ఒకే నేల ఆర్నెల్లు జాలరిది, ఆర్నెల్లు రైతుది, నడుమ పశువులది, పక్షులది. ఇదేదో స్వర్ణయుగమని నేననడం లేదు. మునిగితే మునిగేవారు, పండకపోతే వలస పోయేవారు, లంకల్లో కానుపు కష్టమైతే దోనెలో ఒడ్డుకి చేర్చేలోపే ప్రాణాలు పోయిన ఇళ్ళున్నాయి. నీటి నడుమ లంకల మీద 46, చుట్టూ ఒడ్డున 76 అని లెక్క చెప్పే ఊళ్ళలో ఎవర్నడిగినా పాత కొల్లేరు కావాలంటారు గానీ పాత బతుకు కావాలనరు. ఆ తేడా మనలాంటి బయటివాళ్ళం మర్చిపోతుంటాం.

1964 వరదల తర్వాత డెల్టా మురుగుపారుదల మీద మిత్ర కమిటీ కూర్చుంది. 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంతానికి డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. చట్టం పేరులోనే ఉంది అసలు దృష్టి. పై రైతుకి కొల్లేరు ఒక డ్రెయిను, తన పొలంలో నీరు ఎంత తొందరగా అందులోకి పోతే అంత మేలు. లంక మనిషికి అదే ఇల్లు. ఈ రెండు అవసరాలూ ఒకే నీటి మీద పడ్డాయి.

1970ల నడుమ ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, సరస్సు లోపలి భూమి పంచి, చేపల చెరువులు తవ్వుకోమంది. ఇది మనం కొంచెం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 'ఆక్రమణదారులు' అన్న మాట వాడినప్పుడల్లా ఆ మొదటి గట్టు ప్రభుత్వం చెప్తే వేసిందని ఒక వాక్యం కలపాలి. పేదలకి ఉపాధి అన్నారు. మొదట కొన్నాళ్ళు అలాగే ఉంది కూడా. కానీ చెరువు పెట్టుబడి అడుగుతుంది. గట్టు కావాలి, పిల్ల కావాలి, తవుడూ చెక్కా కావాలి, మోటారు కావాలి. సొసైటీ పేరు కాగితం మీదే మిగిలి, చెరువు లీజుకి వెళ్ళింది. లీజు తీసుకున్నవాళ్ళు ఇంకా తవ్వారు. తొంభైలు వచ్చేసరికి బొచ్చె, శీలావతి లారీలకెక్కి కలకత్తా వైపు వెళ్తుంటే, లంకలో జాలరి తన తాత చేపలు పట్టిన చోటే గట్టు కాపలాకి జీతానికి కుదిరాడు.

దోనె, దాళ్వా, మావు: ఇవన్నీ కూడా మనుషులు సరస్సుని వాడుకోవడమే. చేపల చెరువుకీ వాటికీ తేడా ఏమిటి? ఎకరాల్లో లేదు, డబ్బులో కూడా లేదు. గట్టులో ఉంది. దాళ్వా మడి గట్టు మోకాటి కింద ఉంటుంది, నీరొస్తే మునుగుతుంది, దాని మీదుగా చేప ఈదిపోతుంది. చెరువు గట్టు లారీ నడిచేంత వెడల్పు, ముంపు ఎక్కనంత ఎత్తు. దాన్ని వేసింది నీరు లోపలికి రాకుండా, లోపలి నీరు బయటికి పోకుండా. అలాంటి గట్లు ఒకటి పక్కన ఒకటి వెయ్యి వేస్తే, కిలోమీటరుకి అంగుళం వాలున్న నీరు ఎటు వెళ్ళాలి?

2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ చెప్పాక ప్రభుత్వం పొక్లెయిన్లతో, పేలుడు మందుతో గట్లు కొట్టించింది. టీవీల్లో గట్టు గాల్లోకి లేచి నీళ్ళు తెల్లగా విరుచుకుపడటం నాకింకా గుర్తే. ఆనందించాను, దాచుకోను. తర్వాతి ఏడు లంకల్లో తిరిగితే ఆ ఆనందం నిలవలేదు. చాలాచోట్ల గట్టుకి గండి మాత్రం కొట్టారు. మట్టి ఎక్కడిదక్కడే కుప్పలుగా ఉంది. నీరు గండి దగ్గర దూకి, అవతలి గట్టుకి కొట్టుకుని, అక్కడే తిరుగుతోంది. చెరువు పోయింది, సరస్సు రాలేదు. కూలిపని పోయినవాళ్ళు పని వెతుక్కుంటూ ఊరు వదిలారు. పెట్టుబడి ఉన్నవాళ్ళు ఓపికగా కూర్చుని, గండ్లు ఒక్కొక్కటే పూడ్చుకున్నారు.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని తీర్మానం చేసింది. అన్ని పార్టీలూ ఏకమైన అరుదైన సందర్భం. జిరాయితీ, అంటే సొంత పట్టాలున్న రైతుల బాధ నిజం. ఐదో కాంటూరు లోపల వాళ్ళకి వేల ఎకరాలున్నాయి, అమ్ముకోలేరు, నచ్చినట్టు వాడుకోలేరు, పరిహారం రాదు. ఆ నిజం భుజం మీద తుపాకీ పెట్టి కాల్చేది మాత్రం వాళ్ళు కాదు.

ఇక గూడబాతుల కథ. కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు అనే ఊళ్ళో పెద్ద గూడబాతుల కాలనీ ఉందని 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ కనుక్కున్నారు. వేల పక్షులు, మనుషుల మధ్య, చెట్ల మీద. డెబ్బైల నాటికి ఆ కాలనీ మాయమైపోయింది. మళ్ళీ ఇవాళ గూడబాతుల్ని చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాకకి వెళ్తాం. దేశంలోనే పెద్ద కాలనీల్లో ఒకటి. అక్కడ పడవెక్కి దగ్గరికి వెళ్తే కనపడేది ఏమిటో తెలుసా? గట్టు కట్టిన నీటి మడుగు. అందులో ఇనప మంచెలు. చెట్లు చచ్చిపోతే అటవీశాఖ ఇనప కమ్ములతో మంచెలు కట్టించింది. వాటి మీద గూళ్ళు, గూళ్ళలో పిల్లలు, పిల్లల నోట్లో చుట్టుపక్కల చేపల చెరువుల్లోంచి తెచ్చిన చేప. చెరువుల వాళ్ళు టపాకాయలు కాల్చి, తాళ్ళు కట్టి తోలుతుంటారు. అవి అయినా వస్తాయి.

ఆ ఇనప మంచెల ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు మోసపోయినట్టనిపించింది. ప్రకృతిని చూద్దామని వస్తే ఎవరో సెట్టింగు వేసి చూపించినట్టుంది. ఆ చిరాకు తప్పని తర్వాత తెలిసింది. గూడబాతుకి చరిత్ర పట్టదు. గూటికి నీటి నడుమ ఒక ఆధారం, రెక్కల దూరంలో చేప. అది ఏడో శతాబ్దపు చేపా, లీజు చెరువు చేపా అని అది అడగదు. స్వచ్ఛమైన కొల్లేరు ఎక్కడో ఉందని, దాన్ని తెచ్చి నిలబెట్టాలని నేను పెట్టుకున్న ఆశ, నా ఆశే.

ఈ ఆశ ఎంత ప్రమాదమో చూడాలంటే భరత్‌పూర్ వెళ్ళాలి. రాజస్థాన్‌లోని ఆ కేవలాదేవ్ పార్కుని ప్రపంచమంతా ప్రకృతి అద్భుతమంటుంది. ఆ చిత్తడి రాజులు చేయించింది. పద్ధెనిమిదో శతాబ్దపు అజాన్ బంధ్ నీళ్ళని మళ్ళించి, గట్లు వేసి, బాతుల వేట కోసం తీర్చిదిద్దారు. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజే 4,273 పక్షుల్ని కాల్చింది. 1982లో దాన్ని జాతీయ పార్కు చేసి, 'సహజంగా' ఉంచాలని పశువుల మేత నిషేధించారు. ఊళ్ళవాళ్ళు ఎదురుతిరిగితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తీరా గేదెలు పోయాక ఏమైంది? అవి మేసే గడ్డి అల్లుకుపోయి నీటిని కప్పేసింది. బాతులకి ఈదే చోటు తగ్గింది. గేదె మేత పక్షులకి మేలు చేస్తోందని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ళతరబడి చేసిన అధ్యయనమే తేల్చింది. ఇంగ్లండులో 1899 నుంచి సంరక్షణలో ఉన్న వికెన్ ఫెన్ కూడా అంతే. జనం తుంగ కోయడం మానేసిన చోట పొదలు లేచాయి. ఇప్పుడు పనిగట్టుకుని కోయిస్తున్నారు.

ఇక్కడిదాకా నాతో వచ్చిన చెరువు యజమాని చప్పట్లు కొడతాడు. "అదేగదండి మేమూ చెప్పేది! కొల్లేరు ఎప్పుడూ మనుషులు మార్చిందే, మేమూ మార్చాం." ఆ ముక్క నేను ఒప్పుకుంటాను. కానీ అందులోంచి ఆయన తీసే ఫలితం ఒప్పుకోను. భరత్‌పూర్ గేదె నీటిని ఆపలేదు. దాళ్వా రైతు ఆపలేదు. పేరంటాల కనుమ తవ్వినవాళ్ళయితే నీటికి దారే చేశారు. అందరూ మార్చారు కాబట్టి అన్ని మార్పులూ ఒకటేననడం, ఇంటికి సున్నం వేసినవాడూ గుమ్మానికి గోడ కట్టినవాడూ ఒకటేననడమే. పూడిపోవడం సరస్సుకి సహజం, నిజమే. ముసలితనం కూడా సహజమే, అందుకని పీక పిసికినవాణ్ణి వదిలేస్తామా?

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచింది. సింగ్‌నగర్ వీధుల్లో రోజులతరబడి మేడల మీద నుంచి జనం తిండి కోసం చేతులు చాచారు. ఆ వరదకి కారణాలు చాలా ఉన్నాయి. భారీ వాన, గండ్లు, ఏటి గర్భంలో ఇళ్ళు. కానీ బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేటికే. దిగువ పళ్ళేన్ని గట్లతో గళ్ళు గళ్ళుగా కోసేశాక పైనుంచి వచ్చిన నీరు పరచుకోవడానికి చోటేదీ? కొల్లేరు అంటే పక్షుల గొడవ, లంకల గొడవ అనుకున్న నగరానికి అది తన వీధి గొడవ కూడా అని ఆ వారంలో తెలిసింది. తర్వాత ఎంత గుర్తుందో నాకు తెలీదు.

కాబట్టి నా వాదం ఇది. గీత ఐదు దగ్గరే ఉండనివ్వండి. అది సరస్సు అసలు హద్దని కాదు. చట్టం చేతిలో ఉన్న పట్టుకొమ్మ అదొక్కటే, వదిలేస్తే ఇంకోటి దొరకదు. జిరాయితీ రైతుకి డబ్బిచ్చి ఆ భూమి తీసుకోండి. పాతికేళ్ళుగా ఇవ్వకుండా నిషేధం మాత్రం అమలు చేయడం దొంగతనానికి మర్యాదపేరు. అంతవరకూ నేను పర్యావరణవాదుల పక్షం. ఆ తర్వాత ఎకరాల లెక్క ఆపి నీటి లెక్క మొదలెట్టాలంటాను. ఎన్ని చెరువులు కొట్టాం అన్నది కాదు, ఉప్పుటేరు ఈ ఏడు ఎంత నీరు లాగింది? ఏ ఏ గట్ల కుప్పలు తీసి నేలకి సమం చేశారు? పెద ఎడ్లగాడి వంతెన దగ్గర గుర్రపుడెక్క ఎన్నాళ్ళు నిలిచింది? వేసవిలో కొంతమేరయినా ఎండనిచ్చారా, లేక ఏడాదంతా మురుగు నింపి అదే సంరక్షణ అన్నారా? దాళ్వా వేసుకునే లంక రైతునీ, వల వేసుకునే వడ్డీనీ నేరస్థుల్లా కాకుండా సరస్సుకి కావలసిన మనుషుల్లా చూశారా? ఏ వాడకాన్నయినా ఒకే ప్రశ్నతో తూచొచ్చు: నీరొచ్చినప్పుడు ఇది మునుగుతుందా, నీటిని ఆపుతుందా?

ఇది గాల్లో మేడ కాదు. ఒడిశాలో చిల్కా పూడిపోయి, ఉప్పు తగ్గి, కలుపు పట్టి, 1993లో రామ్‌సర్ వాళ్ళ ప్రమాద జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు పెరిగాయి, 2002లో జాబితాలోంచి పేరు తీసేశారు. అదీ మనుషులు తవ్విన దారే. అక్కడ పాత ముఖద్వారాన్ని పట్టుకుని ఎవరూ వేలాడలేదు. నీటికి ఏం కావాలో చూసి కొత్త చోట తవ్వారు. కొల్లేటికి చిల్కా సముద్రపు దగ్గరితనం లేదు, ఆ అంగుళం వాలే ఉంది. పని ఇంకా కష్టం, ఇంకా నిదానం. ఎన్నికల మధ్యలో రిబ్బన్ కత్తిరించే రకం పని అసలే కాదు.

పోయినసారి వెళ్ళినప్పుడు ఒక లంక దగ్గర దోనె ఎక్కాను. వానలు తగ్గి నెల అయింది, నీరు ఇంకా పూర్తిగా తీయలేదు. గెడ వేస్తున్నాయనకి డెబ్బై దాటి ఉంటాయి. కిక్కిస పొదల మధ్య నుంచి పోతుంటే నీళ్ళలో సగం మునిగి, ఒక పక్కకి ఒరిగిన సిమెంటు రాయి కనపడింది. మీద అంకె ఉండేదేమో, నాచు కప్పేసింది.

"ఇది ఐదో కాంటూరు రాయా బాబాయ్?" అన్నాను.

"వేసినోళ్ళకి తెలియాలండి."

"అయితే ఇప్పుడు మనం లోపలున్నట్టా, బయటున్నట్టా?"

ఆయన నా వైపు ఒకసారి చూసి, గెడ నిలువుగా దింపి, పైకి తీసి, తడిసిన చోట వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ మోకాల్లోతుందండి. నిన్న ఇంకో జానెడుంది."